వదిన పండించిన తియ్యమక్క

మోకాలికి ఆపరేషన్ అయి వదిన దవాఖాన నుంచి ఇంటికి వచ్చిందంటే చూసి రావడానికి బాన్సువాడ దగ్గర మా ఊరికి వెళ్లాను. పలకరించడానికి వెళ్లిన మనిషి పలకరించి, నాలుగు పండ్లు చేతిలో పెట్టి రావాలి. నేను మాత్రం వెళ్లిన కాసేపటికే ఆమె చేను కంకులు చూసి కుళ్లుకున్నాను. యాభై దాటినదాన్ని, తలకు రంగు వేసుకోవడం కూడా మానేసినదాన్ని, లేచి నడవలేని మనిషి మీద కుళ్లుకోవడమేమిటని నన్ను నేను తిట్టుకున్నాను. తిట్టుకుంటే పోయే రకం కాదు ఇది. పెళ్లి కాకముందు పట్టుకుంది, ఇప్పటిదాకా వదల్లేదు.

బాన్సువాడ బస్టాండు దగ్గరికి మేనకోడలు శ్రావ్య స్కూటీ మీద వచ్చింది. అన్నావదినల ఒక్కతే కూతురు, ఇప్పుడు చేను పనులన్నీ దానివే. గేటు పక్కన ఒక బండి మీద తియ్యమక్క, అదే స్వీట్‌కార్న్, గింజలు ఉడికించి, వెన్న రాసి, కారం చల్లి కాగితం గ్లాసుల్లో అమ్ముతున్నారు. కాలేజీ పిల్లలు చుట్టూ మూగారు. శ్రావ్య బండి ఆపకుండానే అటు చెయ్యి చూపించి, "అత్తా, గవి మనయే. పొద్దుగాల ఆటోల పంపిన" అంది. మనవే అంది పాపం, ప్రేమగానే. మనవి ఎక్కడివి? మీ అమ్మవి. ఆ మాట పైకి అనలేదు గానీ ఊరు వచ్చేదాకా ఆ పిల్లతో సరిగ్గా మాట్లాడలేకపోయాను.

ఇంటికి వెళ్లేసరికి వదిన వరండాలో కుర్చీ మీద కాలు చాపుకుని కూర్చుంది. నన్ను చూసి లేవబోయింది, నేను వద్దన్నాను. శ్రావ్య స్టీలు పళ్లెంలో ఉడికిన కంకులు తెచ్చి పెట్టింది. ఒకటి తీసుకుని చుట్టూ తిప్పి చూశాను. ఎక్కడైనా గింజ లేని సందు దొరుకుతుందేమోనని చూశాను, దాచుకోవడమెందుకు. కొన దాకా, కొన చివరి వంపు దాకా గింజ నిండి ఉంది. వదిన అది చూసి, "ఏంది సులోచనా, పురుగున్నదా?" అంది. లేదన్నాను. ఉంటే ఎంత సంతోషించేదాన్నో ఆమెకు తెలియదు.

మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఇంట్లో మిగిలింది బాపు, అన్న, నేను, బాపును కన్న అవ్వ. పొద్దున్నే అవ్వ పొయ్యి మీద గట్క పెట్టేది. మక్క రవ్వ కుతకుత ఉడుకుతుంటే వచ్చే వాసనకే నాకు మెలకువ వచ్చేది, ఒకళ్లు లేపాల్సిన పని లేదు. అడుగంటిన గట్కకు ఒక మాడు రుచి ఉంటుంది, దాని కోసం నేనూ అన్నా కొట్టుకునేవాళ్లం. బాపు అరుగు మీద కూర్చుని చాయ్ సాసర్లో పోసుకుని, ఊదకుండా, ఎటో చూస్తూ తాగేవాడు. ఆయన అలా చూస్తున్నాడంటే ఆకాశాన్ని చూస్తున్నాడని లెక్క. తాగడం అయ్యాక తువాలు భుజాన వేసుకుని లేచేవాడు. నేను చెప్పులు వేసుకుని వెనకే. అన్న ఇంకా దుప్పట్లోనే. పొలానికి బాపు వెనక నడిచే హక్కు నాది. ఇంట్లో ఎవరూ కాదనలేదు.

ఆ హక్కుకు ఒక కారణం ఉంది. నేను బాగా చిన్నగా ఉన్నప్పుడు ఒకసారి విత్తనాల రోజు అవ్వ ఒళ్లోంచి దిగి, పిడికెడు గింజలు పట్టుకుని సాలులో పోశానట. ఆ ఏడు జొన్న ఇరగపండిందట. ఇగ అవ్వ ఊరంతా చాటింది, "దీని చేతిల సలవ ఉన్నది" అని. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ పంట వేసినా మొదటి గింజ నేనే వేయాలి. ఎడ్లు కట్టి, గొర్రు నిలబెట్టి, జీతగాడు, అన్న అందరూ గట్టు మీద నిలబడి ఉండేవాళ్లు. నేను తలస్నానం చేసి, నుదుట పసుపు పెట్టుకుని, ఇత్తడి పళ్లెంలో గింజలు పట్టుకుని వచ్చేదాకా ఒక్క అడుగు కదలనిచ్చేవాడు కాదు బాపు. "జర ఆగుండ్రి, సులోచన రానీ" అనేవాడు. ఆ మాట వినడానికే నేను కావాలని ఆలస్యం చేసేదాన్ని. తల్లి లేని పిల్లనని ఊళ్లో అందరూ జాలిపడేవాళ్లు. ఆ ఒక్క పూట మాత్రం నా కోసం ఎడ్లు కూడా ఆగేవి. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

అన్నకు పెళ్లయి వదిన వచ్చింది. రుద్రూర్ దిక్కు పిల్ల, పేరు భారతి. పొడవు మనిషి, పెద్ద పెద్ద చేతులు. గయ్యాళి అయినా బాగుండేది, ఎదురు తిరిగి కొట్లాడేదాన్ని. ఆమె కొట్లాడదు. ఏదన్నా అంటే ఒక మాట చెప్పి ఊరుకుంటుంది. అలాంటి మనిషితో పేచీ ఎలా పెట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చిన నెలకే అవ్వకు కాళ్లు పిసకడం, బాపు తువాలు ఉతకడం ఆమె పని అయిపోయింది. పోనీలే, తువాలు ఉతికితే ఉతికింది, పొలం నాదే కదా అనుకున్నాను.

ఆ వానాకాలం ముందు వదిన తమ్ముడు వాళ్ల ఇంట్లో దాచిన విత్తనం ఒక పాత తువాల్లో మూటగట్టి తెచ్చాడు. తియ్యమక్క అన్నాడు. అప్పటికి మా ఊళ్లో ఎవరూ వేసి ఎరగరు. అవ్వ దోసెడు చేటలో పోసుకుని చూసి, "గివేం గింజలు బిడ్డా, నా బుగ్గలోలె ముడుతలు పడ్డయి" అని నవ్వింది. బాపు మాత్రం నవ్వలేదు. ఒక గింజ గోటితో గీరి చూసి, "ఇద్దరాడిపిల్లలు చెరింత పెట్టుండ్రి. ఎట్లొస్తదో సూద్దాం" అన్నాడు.

ఇద్దరు అన్నాడు. నేను అక్కడే పట్టేశాను. అంతవరకు మా ఇంట్లో విత్తనం విషయంలో ఇద్దరు అనే మాట లేదు.

ఇంటి ఆడపిల్లను కాబట్టి ముందు ఏరుకోవడం నా వంతు. చేటలో పోసి చెరిగి, బొద్దుగా నిండుగా ఉన్న గింజలన్నీ నా పళ్లెంలోకి ఏరుకున్నాను. అవ్వ నేర్పిన పద్ధతి అదే. వచ్చే ఏటి విత్తనానికి ఎప్పుడూ అన్నింటికంటే బలిసిన గింజనే దాచాలి, ముడుచుకుపోయినదాన్ని కోళ్లకు వేయాలి. మిగిలిన ముడతల గింజలను వదిన ముందుకు జరిపాను. ఆమె చూసి మెల్లగా, "మా దిక్కు ముడుతలయే పెడ్తరు" అంది. "మా దిక్కు మంచియి పెడ్తం" అన్నాను నేను. ఆమె ఊరుకుంది. ఆ మూట ఎత్తుకుని వెళ్లిపోయింది.

మొదటి వానకే నేను పెట్టేశాను. మా ఇంట్లో తినడానికి మక్క ఎప్పుడూ చెరకు చుట్టూ, కాలువ గట్టు వెంట ఒక్క వరుసగా పెట్టడం అలవాటు. భూమి దండగ కాదు, చెరకుకు కంచెలా ఉంటుంది. నేనూ అలాగే గట్టు పొడవునా ఒకే సాలు పెట్టుకుంటూ పోయాను, మామూలు మక్కకు పెట్టినంత లోతుగా. వదిన పెట్టనే లేదు. మా చెలకలో మామూలు మక్క మోకాలెత్తు వచ్చేదాకా చూస్తూ కూర్చుంది. "మీ కోడలు ఎప్పుడు పెడ్తది, దసరాకా?" అని పక్క చేను వాళ్లు బాపుతో హాస్యమాడారు. నాకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చివరికి బావి పక్కన ఎవరికీ పనికిరాని ఒక మూల అడిగి తీసుకుని, అందులో పొట్టి పొట్టి సాళ్లు పక్కపక్కనే వేసి, చాప పరిచినట్టు పెట్టింది. వేలి మొదటి గణుపు మునిగేంత కూడా లోతు లేదు. పిట్టలు ఏరుకుని పోతాయనుకున్నాను. పోతే బాగుండనీ అనుకున్నాను.

నా మొక్కలు ఎంత ఏపుగా వచ్చాయని. ఆమెవాటికంటే ఎత్తు, నల్లటి ఆకుపచ్చ, కాండం నా మణికట్టంత. ఆమెవి సన్నగా, లేత రంగులో, అక్కడక్కడా మొలవని చోట్లతో ఉన్నాయి. నేను పనిగట్టుకుని నీళ్ల బిందె ఎత్తుకుని బావి దగ్గరికి వెళ్లి చూసి వచ్చేదాన్ని. మొక్కల మొదళ్లలో వచ్చే పిలకలు అన్నీ ఒక్కొక్కటిగా విరిచేశాను, తల్లి మొక్కకు బలం రావాలని. వదిన ఒక్క పిలక ముట్టలేదు. బద్ధకం అనుకున్నాను.

అయితే సాయంత్రాలు బాపు దారి మారింది. అంతవరకు చెరకు చుట్టూ తిరిగి ఇంటికి వచ్చే మనిషి, ముందు బావి మూలకు వెళ్లడం మొదలుపెట్టాడు. కంకి పీచు బయటికి వచ్చే రోజుల్లో వదిన ఎండ ఎంత ఉన్నా నేల ఆరనివ్వలేదు, బిందెలతో పోసింది. బాపు గొంతుక్కూర్చుని ఆకు పట్టుకుని ఆమెను ఏదో అడిగేవాడు. ఆమె ఏదో చెప్పేది. ఒకరోజు నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. బాపు తల తిప్పి, "బిడ్డా, ఇద్దరికి చాయ్ తే పో" అన్నాడు. వెళ్లి చాయ్ పెట్టాను. బాపు గ్లాసులో చక్కెర వేసి, ఆమె గ్లాసులో వేయలేదు. ఆమె తాగి, "మంచిగున్నది" అంది. ఆ రాక్షసి నిజంగానే చక్కెర లేని చాయ్ ఇష్టపడేదని తర్వాత తెలిసింది.

కంకులు వచ్చాయి. నా కంకి వలిస్తే పన్నూడిన నోరు. ఒక వరుసలో గింజ ఉంటే రెండో వరుస ఖాళీ. ఉన్న గింజ గట్టిగా, పిండిగా ఉంది, తీపి లేదు. మామూలు మక్కను ఉంచినట్టే పీచు పూర్తిగా ఎండేదాకా ఉంచాను కూడా. వదిన మాత్రం పీచు గోధుమరంగు తిరగ్గానే, గోటితో గింజ నొక్కి పాలు వచ్చాయా లేదా చూసి, ఇంకా మంచు ఉండగానే కోసి, గంపలో మీద తడిగుడ్డ కప్పి, అన్నతో పొద్దున బస్సుకే బాన్సువాడ పంపింది. అన్న ఖాళీ గంపతో తిరిగి వచ్చాడు. బాపు చేనులోనే నిలబడి ఒక కంకి పచ్చిదే కొరికాడు. పాలు మీసం మీద పడ్డాయి. తుడుచుకోలేదు. సగం విరిచి తువాల్లో దాచి, పళ్లు లేని అవ్వకు తెచ్చి పెట్టాడు. నాదీ ఒకటి తిన్నాడు, న్యాయానికి. తిని, "మంచిగనే ఉన్నయి బిడ్డా. గట్క కొట్టుకోవచ్చు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత చెలకలో శనగ వేసే రోజు వచ్చింది. నేను తలస్నానం చేసి పసుపు పెట్టుకుని, ఇత్తడి పళ్లెం పట్టుకుని గడపలో నిలబడ్డాను. ఈసారి ఆలస్యం చేయలేదు. అయినా బయటి నుంచి బాపు గొంతు వినిపించింది. "భారతి బిడ్డా, నువ్వు రా" అన్నాడు. వదిన వెనక నుంచి వచ్చి నా ముందు నిలబడింది. ఆమె కళ్లెత్తలేదు. అవ్వ నా చేతిలో పళ్లెం తీసి ఆమె చేతిలో పెట్టి, "నువ్వు లోపటికి పో పోరి, పొయ్యి ఆరుతుంది" అంది. వంటింటి కిటికీలోంచి చూశాను. ఎడ్లు ఆమె కోసం ఆగాయి. బాపు ఒక్కసారి కూడా ఇంటి వైపు తిరగలేదు.

ఎందుకని నేను అడగలేదు. అడగడానికేముంది, అందరికీ తెలిసిందే కదా, నా కంకులు పళ్లూడిపోయాయి, ఆమెవి నిండాయి. చలవ ఎవరి చేతిలో ఉందో తేలిపోయింది. ఆ చలికాలమే నాకు పెళ్లి చేశారు. ఆయన బోధన్‌లో బడిపంతులు. మంచి మనిషి. కిరాయి ఇల్లు, రెండు గదులు, ముందు సిమెంటు వాకిలి. గుంట భూమి లేదు.

అక్కడి నుంచి నేను చేసిన పని చెబితే నవ్వుతారు. ఆ ఓటమిని చదివాను. పత్రికల్లో వ్యవసాయం పేజీ వస్తే కత్తిరించుకున్నాను. మా ఆయన స్నేహితుల్లో సేద్యం ఉన్నవాళ్లు ఇంటికి వస్తే అన్నం పెట్టి ప్రశ్నలు వేశాను. ఒక్కొక్కటే తెలిసింది. తియ్యమక్కకు ముడత పడటమే గుణం. తీపి గింజలో పిండి తక్కువ, ఎండితే ముడుచుకుంటుంది. మూటలో బొద్దుగా ఉన్నవి పక్క చేలోని మామూలు మక్క పుప్పొడి తగిలినవి. అంటే నేను పనిగట్టుకుని, కూర్చుని, తీపి లేనివాటినే ఏరుకున్నాను. అవి ఏపుగా పెరిగింది కూడా అందుకే. ఒక్క వరుసగా పెడితే పైనున్న పూత దుమ్ము గాలికి చెరకులోకి పోతుంది, పీచు మీద పడదు. పడని ప్రతి పీచుకూ ఒక గింజ తక్కువ. చాప పరిచినట్టు పెడితే ఎటు గాలి వీచినా ఏదో ఒక మొక్క మీద పడుతుంది. మామూలు మక్క పూసే రోజులు దాటాక పూత రావాలి, అందుకే ఆమె ఆగింది. ముడతల విత్తనానికి బలం తక్కువ, లోతుగా పెడితే పైకి రాలేదు. పీచు వేళ నీళ్లు తగ్గితే కొన ఎండుతుంది. కోసిన కంకి ఎండలో ఉంటే పూట గడిచేలోపే తీపి పిండిగా మారుతుంది. పిలకలు విరిచినా విరవకపోయినా పెద్ద తేడా లేదట. ఆ ఒక్క విషయంలో ఇద్దరం సమానం. అదీ నడుము నొప్పి పుట్టేలా పని చేసింది నేను.

కిరాయి ఇంటి డాబా మీద పాత బకెట్లలో పెట్టి కూడా చూశాను. చదరంగా అమర్చి, పూత వచ్చినప్పుడు నా చేత్తోనే దులిపి పీచు మీద వేశాను. కంకులు చిన్నవే గానీ నిండాయి. మా ఆయన తిని బాగున్నాయన్నాడు. ఆయన మెచ్చుకోలు నాకెందుకు? మెచ్చుకోవాల్సిన మనిషి ఊళ్లో శనగ చేనులో వదిన చేత మొదటి గింజ వేయిస్తున్నాడు. ప్రతి వానాకాలం, ప్రతి యాసంగి అదే అనుకునేదాన్ని. కథలు రాశాను, పేరొచ్చింది, సభల్లో శాలువాలు కప్పారు. శాలువా కప్పుతున్నప్పుడు కూడా బాపు పక్కన ఆమె నిలబడి ఉంటుందనే గుర్తొచ్చేది. మళ్లీ ఒక్క కారు, ఒక్కటంటే ఒక్క పంటకాలం, ఆ చెలకలో నాకు దొరికితే చూపిస్తాను అనుకునేదాన్ని. బాపు పోయాక కూడా ఆ ఆలోచన పోలేదు.

వరండాలో కూర్చుని కంకి తింటూ శ్రావ్యను అడిగాను, ఇప్పుడు మొదటి గింజ ఎవరు వేస్తున్నారని. అది అర్థం కానట్టు చూసింది. "ట్రాక్టర్ గొర్రు ఏస్తది అత్తా. మొదటిది ఏంది, చివరిది ఏంది, డబ్బాల పోస్తే అదే రాలుతది" అని ఫోను మోగితే లోపలికి వెళ్లిపోయింది. ఇప్పుడు విత్తనం రంగురంగుల సంచుల్లో వస్తుంది, ఎర్ర మందు పూసి. ఏరే పని లేదు. చేను పొడవునా నల్లటి పైపులు, ప్రతి మొక్క మొదట్లో నీటి చుక్క. దిగుబడి మా రోజులకంటే చాలా ఎక్కువ. ఎవరి చేతి చలవా అక్కర్లేదు. ఎవరికీ పనికిరాకుండా పోయిన హోదా కోసం నేనింకా కుమిలిపోతున్నానంటే నాకే నవ్వొచ్చింది. నవ్వొచ్చిన ఊపులోనే వదినతో అనేశాను, అన్నేళ్లుగా అననిది.

"గా ఏడు నువ్వు చెప్పినట్టు ముడుతల గింజలు పెట్టి ఉంటే, శనగలకు బాపు నన్నే పిలుస్తుండె వదినా."

వదిన కాలు సర్దుకుంటూ ఆగిపోయింది. "గా కంకుల కోసం పిలవలేదనుకున్నవా?" అంది.

"మరి దేనికి?"

"నీకు తెల్వదా సులోచనా? నిజంగ తెల్వదా?" నా ముఖంలోకి చూసి గొంతు తగ్గించింది. "బతుకమ్మకు ముందుగాలనే బోధనోళ్లతోని మాటయింది. నీకు అప్పుడే చెప్పొద్దన్నది అవ్వ. మాటిచ్చిన పిల్లతోని మొదటి గింజ ఏపియ్యరు. దాని సలవ అవతలి ఇంటికి పోతది, చేను ఎండుతదంటరు. అవ్వ ముసల్ది, ఇగ ఇంట్ల ఆడిది నేనే ఉంటి. అందుకే నన్ను పిలిచిన్రు."

చేతిలోని కంకి పళ్లెంలో పెట్టేశాను. తర్వాత అడిగాను, చిన్నపిల్లలా. "నా కంకులు నిండి ఉంటే?"

"బంగారం పండినా గా పొద్దు నిన్ను పిలవకపోతుండె" అంది. "మా ఇంట్ల నన్ను గూడ గట్లనే పక్కకు పెట్టిన్రు. నేనే ఏస్తుంటి అక్కడ, నాకు ఊహ తెలిసినప్పటి సంది. ఈడ మామ పిలిస్తే నాకు మళ్ల పానం లేచొచ్చింది. నీ మొఖం చూసే ధైర్యం లేక తల దించుకున్న."

ఆమె ఓదార్చడానికే చెప్పింది. ఓడిపోలేదు నువ్వు అని చెప్పడానికే. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆమెకు ఒక పొలం పోతే ఇంకో పొలం దొరికింది. నాకు సిమెంటు వాకిలి దొరికింది. అసూయ తగ్గలేదు, దానికి ఇప్పుడు చేయడానికి పని లేకుండా పోయింది, అంతే. గింజ తప్పు ఏరుకున్నాను, వరుస తప్పు పెట్టాను, వేళ తప్పు కోశాను అని ఏడ్చినన్నాళ్లూ అవన్నీ దిద్దుకోగలిగిన తప్పులు. దిద్దుకుని వస్తే బాపు మళ్లీ గట్టు మీద నిలబడి నా పేరు పిలుస్తాడని నమ్మాను. ఆయన పోయాక కూడా నమ్మాను. కంకుల వల్లే ఓడిపోయాననుకున్నన్నాళ్లూ ఆ చెలకలో నాకింకా ఒక కారు మిగిలే ఉంది.